గ్రావెల్ బైక్ కొనేముందు గట్టెక్కండి

పోయిన అక్టోబరులో ఒక శనివారం నేను సైకిల్ ఎక్కడం కాదు, సైకిలే నన్నెక్కింది.

గూడెంలో హాస్టల్ నుంచి కలిదిండిలో మా ఇంటికి బయల్దేరాను. ఆకివీడు దాటి, ఉప్పుటేరు వంతెన దిగాక, హైవే మీద లారీల పక్కన తొక్కడం భయమేసి ఒక చేపల చెరువు గట్టు మీదకి తిప్పాను. మధ్యాహ్నమే వాన పడి వెలిసింది. వంద గజాలు వెళ్ళానో లేదో, ముందు చక్రానికీ ఫోర్కుకీ మధ్య బంకమట్టి ఇరుక్కుని చక్రం తిరగడం మానేసింది. పుల్లతో గీకాను. పది అడుగులు వేశాను. మళ్ళీ ఇరుక్కుంది. మళ్ళీ గీకాను. ఎదురుగా ఒక పెద్దాయన పాత సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు. ఆయన సైకిల్‌కి మడ్‌గార్డులు పీకేసి ఉన్నాయి. "వాన పడ్డాక ఈ గట్టు మీద మేమే తొక్కం బాబూ, ఎనక్కెళ్ళి తారు రోడ్డెక్కు" అన్నారు. నేను వినలేదు. సైకిల్ భుజానేసుకుని రెండు కిలోమీటర్లు నడిచాను. ఈలోపు ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది.

ఆరింటికల్లా వస్తానన్నవాణ్ణి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. అమ్మ వీధి గుమ్మంలో నిలబడి ఉంది. తిట్టలేదు. కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళు తెచ్చిపెట్టి, "ఇంక సైకిల్ మీద రాకు నాన్నా" అని ఒక్క మాట అంది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నుంచి ఈ జనవరి దాకా నాకు ఒకటే పని: చీకటి పడేలోపు, హైవే ఎక్కువ ఎక్కకుండా, నన్ను ఇంటికి చేర్చే సైకిల్ ఏది? ఆ వెతుకులాటలో తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. నేను సీఎస్ఈ సెకండియర్. ఎల్కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. కాబట్టి ఇందులో ఒత్తులు, దీర్ఘాలు క్లబ్బు వాళ్ళు దిద్దారు. లెక్కలు మాత్రం నావే.

గ్రావెల్ అంటే ఎవరి గ్రావెల్?

గ్రావెల్ బైక్ అంటే, సింపుల్‌గా చెప్పాలంటే, రేసింగ్ సైకిల్‌లా కిందికి వంగిన హ్యాండిల్ ఉండి, లావు టైర్లు పట్టేంత జాగా ఉన్న సైకిల్. తారు మీద వేగంగా పోవాలి, తారు అయిపోయినా ఆగకూడదు. ఇది బాగా పేరుకెక్కింది అమెరికాలో. కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే ఊళ్ళో 2006లో 200 మైళ్ళ పోటీ ఒకటి మొదలైంది. ఇప్పుడు దాన్ని అన్‌బౌండ్ గ్రావెల్ అంటారు. అక్కడ పల్లె రోడ్లన్నీ రాతి ముక్కలు పరిచినవి. ఇలాంటి సైకిళ్ళ కోసమే షిమానో కంపెనీ 2019లో జీఆర్‌ఎక్స్ పేరుతో ప్రత్యేకంగా గేర్లు, బ్రేకుల సెట్టు తెచ్చింది.

మన దగ్గర గ్రావెల్ అన్న మాట ఎప్పట్నుంచో ఉంది. కాకపోతే మనవాళ్ళు గ్రావెల్ అనేది మెట్ట ప్రాంతం నుంచి లారీల్లో తోలుకొచ్చి రోడ్డు మీద పోసే ఎర్రమట్టిని. కాన్సాస్ గ్రావెల్ వేరు, కాంట్రాక్టర్ గ్రావెల్ వేరు. యూట్యూబ్‌లో చూసే రివ్యూలన్నీ మొదటిదాని గురించి. మనం తొక్కాల్సింది రెండోదాని మీద, దానికంటే కష్టమైన నల్లమట్టి మీద.

అయితే ఒక్క విషయంలో వాళ్ళకీ మనకీ పోలిక ఉంది. 2023లో ఎంపోరియా పోటీకి ముందు వాన పడింది. మొదట్లోనే ఒక మట్టిరోడ్డు మీద ఎంతోమంది సైకిళ్ళు భుజాన వేసుకుని నడిచారు. ఆ ప్రాంతం వాళ్ళు బురద గీకడానికి రంగు డబ్బా కలిపే చెక్క పుల్లలు జేబులో పెట్టుకుని వెళ్తారట. అది చదివినప్పుడు నా పుల్ల గుర్తొచ్చి కొంచెం ధైర్యం వచ్చింది. లక్షలు పోసి కొన్న సైకిళ్ళు కూడా బంకమట్టి దగ్గర చేతులెత్తేస్తాయన్నమాట.

ముందు దారిని లెక్కేయండి

షాపుకి వెళ్ళేముందు నేను చేసిన మంచి పని ఒకటే. గూడెం నుంచి గణపవరం, ఆకివీడు మీదుగా మా ఊరిదాకా ఉన్న దారిని ఫోన్ మ్యాప్‌లో ముక్కలుగా కోసి, ఏ ముక్క ఎలా ఉందో రాసుకున్నాను. మొత్తం 60 కిలోమీటర్ల పైచిలుకు. దారులు ఐదు రకాలుగా తేలాయి.

ఒకటి, హైవే తారు. పామర్రు నుంచి గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా దిగమర్రు వెళ్ళే 165వ నంబరు జాతీయ రహదారి. నున్నగా ఉంటుంది, లారీలు మీద మీదకి వస్తాయి.

రెండు, ఊళ్ళలో సిమెంటు రోడ్లు. కోతల కాలంలో వీటి మీద ధాన్యం ఆరబోస్తారు. చుట్టూ రాళ్ళు పెడతారు. దాని మీంచి తొక్కితే టైరు జారడం సంగతి తర్వాత, అది ఒకరి ఆరు నెలల కష్టం. దిగి నడిపించుకుని పోవాలి.

మూడు, ఒకప్పటి తారు. బరువు లారీలు తిరిగి తిరిగి తారు ఎగిరిపోయి, కంకర పైకి తేలిన రోడ్డు. నిజానికి కాన్సాస్ గ్రావెల్‌కి దగ్గర చుట్టం ఇదే.

నాలుగు, ఎర్రమట్టి పోసిన గ్రావెల్ రోడ్డు. ఎండలో గట్టిగా, సుఖంగా ఉంటుంది. ట్రాక్టర్లు తిరిగినచోట అడ్డంగా అలలు అలలుగా గతుకులు పడతాయి.

ఐదు, గట్లూ పుంతలూ. కాలవ గట్టు, చెరువు గట్టు, పొలాల మధ్య పుంత. అంతా నల్ల బంకమట్టి. ఈ మట్టి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. ఏప్రిల్‌లో ఆ నెర్రెల్లో సన్న టైరు దిగితే మనిషి హ్యాండిల్ మీంచి ఎగరడమే. వానాకాలంలో సంగతి పైన చెప్పాను.

నా లెక్కలో మొదటి రెండు రకాలూ కలిపి రెండొంతులు, మిగతా మూడూ కలిపి ఒక వంతు. ఈ నిష్పత్తి తెలిస్తే సగం ప్రశ్నలకి జవాబు దొరికినట్టే. మీది అంతా తారు అయితే గ్రావెల్ బైక్ అక్కర్లేదు, 32 మిల్లీమీటర్ల టైరు పట్టే మామూలు రోడ్ బైక్ చాలు. మీది అంతా గట్లే అయితే మౌంటెన్ బైక్ నయం. రెండూ కలిసిన నాలాంటి వాళ్ళకే ఈ తంటా.

మా ప్రాంతం వాళ్ళకి ఇంకో రెండు జాగ్రత్తలు. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది. 2006లో దాని లోపల ఉన్న చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేసింది. కాబట్టి మ్యాప్‌లో కనిపించే గట్టు నడిమధ్యలో తెగి ఉండొచ్చు. పక్షులు గూళ్ళు పెట్టే చోటికి సైకిల్ తీసుకెళ్ళకండి, చూడాలంటే ఆటపాకలో ఏర్పాటు ఉంది. ఇక చెరువు గట్లు సొంతదార్లవి. తెల్లవారుజామున నెత్తిమీద లైటుతో గట్టు మీద కనిపిస్తే కాపలావాళ్ళు చేపల దొంగ అనుకుంటారు. ముందు రోజు ఒకసారి అడిగి, మొహం చూపించి రావడం మంచిది. అడిగితే వద్దన్నవాళ్ళు నాకైతే ఎవరూ తగల్లేదు.

వేగం అంటే ఆగకపోవడం

మొదట్లో నేను బరువు గురించే చదివేవాణ్ణి. ఈ ఫ్రేము 9 కిలోలు, ఆ ఫ్రేము 11 కిలోలు అని. తర్వాత ఒక చిన్న లెక్క వేశాను.

60 కిలోమీటర్లు గంటకి 24 చొప్పున తొక్కితే రెండున్నర గంటలు. 22 చొప్పున తొక్కితే దాదాపు 2 గంటల 44 నిమిషాలు. తేడా 14 నిమిషాలు. దారిలో ఒక్క పంక్చరు పడితే, చీకట్లో, దోమల్లో, ట్యూబు మార్చడానికి నాకు పట్టే టైము 20 నిమిషాలు. అంటే ఒక పంక్చరు తప్పించగల టైరు, గంటకి 2 కిలోమీటర్లు ఎక్కువ ఇచ్చే ఖరీదైన ఫ్రేము కంటే విలువైనది.

దూరపు సైక్లిస్టుల లోకంలో బ్రెవే అని ఉంటుంది. మన దేశంలో ఆడాక్స్ ఇండియా వీటిని నడిపిస్తుంది. 200 కిలోమీటర్ల బ్రెవేకి గడువు 13 గంటల 30 నిమిషాలు. సగటున గంటకి 15 కిలోమీటర్లు కూడా కాదు. అయినా గడువు దాటిపోయేవాళ్ళు ఉంటారు. ఎందుకంటే ఆగిన ప్రతి నిమిషమూ లెక్కలోకి వస్తుంది. పంక్చరు, మెడ నొప్పి, ఇరుక్కున్న బురద, దొరకని స్పేరు, ఇవే టైముని మింగేవి. ఇక్కడి నుంచి ప్రతి భాగాన్నీ ఈ ఒక్క ప్రశ్నతోనే చూశాను: ఇది నన్ను ఆపుతుందా, ఆపదా?

టైరు

అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఫ్రేము కంటే, గేర్ల కంటే.

28 మిల్లీమీటర్ల టైరు బదులు 40 వేస్తే లోపల పట్టే గాలి సుమారు రెట్టింపు అవుతుంది. గాలి ఎక్కువ ఉంటే ఒత్తిడి తగ్గించుకోవచ్చు. గట్టిగా కొట్టిన సన్న టైరు నున్నటి తారు మీద బాగానే పోతుంది గానీ, కంకర మీద ప్రతి రాయికీ ఎగురుతుంది. ఎగిరేది టైరొక్కటే కాదు, మనమూ. మన ఒంటిని పైకీ కిందికీ ఊపడానికి ఖర్చయ్యే శక్తి ముందుకి పోవడానికి పనికిరాదు. మెత్తటి టైరు రాయిని తనలోకి తీసుకుని దాటేస్తుంది. నా బరువు 62 కిలోలు. 40 మిల్లీమీటర్ల టైరులో 35 నుంచి 40 పీఎస్ఐ మధ్య నాకు సరిపోయింది. మీ బరువుని బట్టి కొంచెం అటూ ఇటూ.

టైరు పైన గళ్ళు పెద్దగా ఉంటే బురదలో పట్టు దొరుకుతుందని అనుకున్నాను. మన బంకమట్టిలో అవి రెండు నిమిషాల్లో నిండిపోతాయి. ఆ తర్వాత అన్ని టైర్లూ ఒకటే. కాబట్టి మధ్యలో నున్నగా, అంచుల్లో చిన్న గళ్ళున్న టైరు చాలు. రెండొంతులు తారే కదా.

ముళ్ళ సంగతి. మన గట్ల మీద ఇద్దరు శత్రువులు. పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. పల్లేరుకి అమెరికాలో మేకతల అని పేరు, అక్కడి సైక్లిస్టులూ దాన్నే తిట్టుకుంటారు. ట్యూబ్‌లెస్ టైర్లలో పోసే సీలెంట్ ఇలాంటి చిన్న చిల్లుల్ని తనే మూసేస్తుంది. కానీ మన ఎండలకి అది త్వరగా ఆరిపోతుంది, కొన్ని నెలలకోసారి మళ్ళీ పోయాలి. ఆ శ్రద్ధ ఉంటే ట్యూబ్‌లెస్ మంచిది. నాకు లేదు. లోపల ముల్లు దిగకుండా పొర ఉన్న టైరు, రెండు స్పేరు ట్యూబులు, ఒక పంపు, అంతే.

కొలతల దగ్గర మోసపోకండి. మా తాతయ్య సైకిల్ టైరు మీద 28 అని ఉంటుంది, కొత్త సైకిల్ టైరు మీద 700 అని ఉంటుంది. రెండూ ఒకటేనని షాపులో ఒకరు నాతో అన్నారు. కావు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 40-622 లాంటి అంకె ఉంటుంది. రెండో అంకె రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో. పాత పెద్ద సైకిళ్ళది 635. గ్రావెల్ బైకులవి ఎక్కువగా 622, కొన్ని 584. ఆ అంకె కలిస్తేనే టైరు కలిసినట్టు. మిగతా పేర్లన్నీ వ్యాపారం.

వాల్వు కూడా చూడండి. సన్నగా ఉండే ప్రెస్టా వాల్వుకి పెట్రోల్ బంకులో గాలి ఎక్కదు. చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి తాళంచెవుల గుత్తికి తగిలించుకుంటే ఎక్కుతుంది.

బురదకి జాగా

అక్టోబరులో నన్ను ఆపింది ఇదే. అప్పటి నా సైకిల్ సెకండ్ హ్యాండ్ మౌంటెన్ బైక్, ముందు సస్పెన్షన్ ఉన్నది. బురదకి అదే సరైనదని అనుకున్నాను. కానీ చవక సస్పెన్షన్ ఫోర్కు బరువు, తారు మీద తొక్కిన ప్రతిసారీ ఊగుతుంది. పైగా టైరు పైన ఉండే దాని వంపు, లావు టైరు కలిసి మట్టికి చోటు లేకుండా చేశాయి.

సైకిల్ కొనేటప్పుడు ఈ ఫ్రేములో గరిష్ఠంగా ఎంత టైరు పడుతుందని అడగండి. 45 అని చెబితే మీరు 40 వేసుకోండి, 40 అంటే 35. టైరుకి రెండు పక్కలా, పైనా మీ చిటికెన వేలు దూరేంత ఖాళీ మిగలాలి. వెనక చక్రం దగ్గర, పెడల్ ఇరుసు పక్కన ఉండే రెండు గొట్టాల మధ్య ముఖ్యంగా చూడండి. ఫొటోల్లో అది కనిపించదు.

ఇంత చూసినా, బాగా తడిసిన నల్లమట్టి ముందు ఏ సైకిలూ నిలవదు. ఆ పెద్దాయన మాట శాసనం. శాసనం అంటే గుర్తొచ్చింది. నన్నయ్య చేత మహాభారతం రాయించిన రాజరాజనరేంద్రుడి కలిదిండి శాసనం మా ఊరిదే. ఇక్కడ యుద్ధంలో చనిపోయిన చోళ సేనానుల జ్ఞాపకంగా గుళ్ళు కట్టించిన సంగతి అందులో ఉంది. ఆ సైన్యాలు వానాకాలంలో మాత్రం వచ్చి ఉండవని నా అనుమానం.

చక్రం బిగుసుకుంటే ఇంకా గట్టిగా తొక్కకండి. మట్టి వెనక గేరు మార్చే డిరైలర్‌ని లాగేసి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న ముక్క విరిగిపోతుంది. అది ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, ఏ ఊళ్ళోనూ విడిగా దొరకదు. సైకిల్ కొన్నరోజే ఇంకోటి కొని సంచిలో పడేసుకోండి.

హ్యాండిల్, గాలి

మాది చదునైన నేల. కొండ అంటే మాకు వంతెనే. అందుకని తేలికనుకుంటారు. కొండ ఎక్కితే దిగుడు వస్తుంది. ఎదురుగాలికి దిగుడు లేదు.

సముద్రం వైపు నుంచి సాయంత్రం గాలి ఎత్తుకుంటుంది. నేను గూడెం నుంచి ఇంటికి పోయేది సముద్రం వైపుకే. గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుంది. గాలి లేనప్పుడు 25 వేగంతో పోతే ఉండే అడ్డుతో పోలిస్తే, గంటకి 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో అదే 25 తొక్కాలంటే అడ్డు రెండున్నర రెట్లు. మన ఒళ్ళే ఆ గాలికి తెరచాప. కిందికి వంగిన హ్యాండిల్ పట్టుకుని తల దించితే తెరచాప చిన్నదవుతుంది. నాకు డ్రాప్ హ్యాండిల్ కావాల్సి వచ్చింది స్టైలు కోసం కాదు, కొంచెం స్టైలు కోసం కూడా. పైగా దూరం పోయేటప్పుడు చేతులు పెట్టుకోడానికి మూడు నాలుగు చోట్లుంటాయి, అరచేతులు మొద్దుబారవు.

గ్రావెల్ బైకుల్లో ఈ హ్యాండిల్ చివరలు బయటికి విచ్చుకుని ఉంటాయి. గతుకుల్లో పట్టు బాగుంటుంది. ఎక్కువ వెడల్పు మాత్రం వద్దు, భుజాల వెడల్పు చాలు.

గేర్లు

ఇప్పటి ఫ్యాషన్ ముందు ఒకే పళ్ళచక్రం, వెనక పెద్ద పెద్ద తేడాలతో పదకొండో పన్నెండో. కొండలకి అది మంచిది. మా చదును నేలకి వేరే లెక్క ఉంది.

ఎదురుగాలిలో మనకి కావాల్సింది చాలా తేలిక గేరు కాదు, ఇప్పుడున్నదానికంటే ఒక్క పిసరు తేలిక గేరు. వెనక 15 పళ్ళ నుంచి 17కి పోతే తేడా 13 శాతం. 15 నుంచి 16కి అయితే 7 శాతం లోపే. మొదటిదాంట్లో కాళ్ళు ఒక్కసారి ఖాళీగా తిరిగినట్టు ఉంటుంది, రెండోదాంట్లో తెలియనే తెలియదు. ఇలాంటివి ఆరు గంటల్లో వందలసార్లు జరుగుతాయి. కాబట్టి ముందు రెండు చక్రాలు, వెనక దగ్గర దగ్గర పళ్ళు, ఇది నా ఎంపిక. ఒకే చక్రం వాటిలో భాగాలు తక్కువ, బురదలో గొడవ తక్కువ, అది కూడా నిజమే. మీరు గట్ల మీదే ఎక్కువ తిరిగితే దానివైపు మొగ్గండి.

పెద్ద గేరు గురించి బెంగ వద్దు. ముందు 44, వెనక 16 పళ్ళతో, 40 టైరు మీద, నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి 32 కిలోమీటర్ల పైనే వస్తుంది. ఇది పైథాన్‌లో నాలుగు లైన్ల ప్రోగ్రామ్. మీకు నచ్చిన సైకిళ్ళ పళ్ళ అంకెలు వేసి మీరే చూసుకోవచ్చు.

ఫ్రేము, బ్రేకులు, ఉప్పు

ఉప్పుటేరులోకి సముద్రపు పోటు వస్తుంది. 2009లో మన దేశంలో వనామి రొయ్యకి అనుమతి వచ్చాక మా వైపు రొయ్యల చెరువులు బాగా పెరిగాయి. చేపలూ రొయ్యలూ తీసుకెళ్ళే వాహనాల నుంచి కారే నీళ్ళు రోడ్డంతా. అంటే ఇనుముకి తుప్పు కాలం ఏడాదంతా. స్టీలు ఫ్రేము సుఖంగా ఉంటుంది, విరిగితే అతుకు పెట్టొచ్చు, కానీ లోపలి నుంచి తుప్పు పడుతుంది. కార్బన్ తేలిక, కానీ ఇసుక కలిసిన బురద టైరుకి అంటుకుని తిరుగుతూ దాన్ని ఆకురాయిలా గీస్తుంది, ధర కూడా మన చేతిలో ఉండదు. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు, ఇది మధ్యేమార్గం. ఏదైనా సరే, ఇంటికెళ్ళగానే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, చైనుకి నూనె వెయ్యాలి. పది నిమిషాల పని.

బ్రేకులు డిస్క్‌వే తీసుకోండి. రిమ్ము పట్టుకునే బ్రేకుకి బురద తగిలితే ఆకురాయి పట్టినట్టే. డిస్క్‌లో కేబుల్‌ది, ఆయిల్‌ది రెండు రకాలు. ఆయిల్‌ది మెత్తగా, బలంగా పడుతుంది. కానీ అది పాడైతే మా వైపు చూసే మనిషి లేడు. కేబుల్ తెగితే కైకలూరులో ఏ సైకిల్ షాపైనా అరగంటలో మార్చేస్తుంది.

ఇది బ్రేకుల ఒక్కటి విషయమే కాదు. మన భాషలో చెప్పాలంటే డిపెండెన్సీలు తక్కువ ఉన్న ప్రోగ్రామే ఎక్కడైనా రన్ అవుతుంది. ఫ్రేము లోపలి నుంచి పోయే కేబుళ్ళు, ఆ కంపెనీ స్పేరే పట్టే సీటు రాడ్డు, ఆ కంపెనీ పానాకే ఊడే నట్లు, ఇవన్నీ షోరూములో అందం, ఆకివీడులో ఆటంకం. నేను ఏ సైకిల్ చూసినా అడిగిన ప్రశ్న: ఇది పాడైతే 20 కిలోమీటర్ల లోపల ఎవరు బాగుచేస్తారు?

ఇక సైజు. ఎంత మంచి సైకిలైనా సైజు తప్పితే నడుము చెబుతుంది. డిస్కౌంటులో ఉంది కదా అని ఒక సైజు పెద్దది అంటగడతారు, నాకూ ఒకచోట అదే జరగబోయింది. సీటు మీద కూర్చుని, మడమ పెడల్ మీద ఆనించి కిందికి తొక్కితే మోకాలు తిన్నగా సాగాలి. హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగి ఉండాలి. పది నిమిషాలు తొక్కనివ్వని చోట కొనకండి.

చివరికి ఏం కొన్నాను

నా దగ్గర ఉన్నది స్కూలు పిల్లలకి ఆన్‌లైన్‌లో కోడింగ్ చెప్పి దాచుకున్న డబ్బు, పాత సైకిల్ అమ్మితే వచ్చింది, కలిపి 50 వేల లోపు. కొత్త గ్రావెల్ బైకులు అందలేదు. జనవరిలో విజయవాడలో ఒకాయన దగ్గర మూడేళ్ళు వాడింది దొరికింది. అల్యూమినియం ఫ్రేము, 42 దాకా టైరు పడుతుంది, కేబుల్ డిస్కు, ముందు రెండు వెనక తొమ్మిది. గీతలు చాలా ఉన్నాయి. చైను, కేబుళ్ళు, రెండు టైర్లు మార్చాను. ఇందులో ఎక్కువ ఖర్చు టైర్లకే అయింది, అదే సరైన ఖర్చు.

గేర్లు, ఫ్రేము అన్నీ చెప్పాక నాన్న అడిగింది ఒకటే. "క్యారియర్ ఏదిరా? మేత బస్తా ఎక్కడ వేస్తారు?" నవ్వాను గానీ, ఆయన అడిగింది సరైన ప్రశ్న. ఫ్రేముకి క్యారియర్ బిగించుకునే బెజ్జాలు ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోవాలి. నా అదృష్టం, ఉన్నాయి. మేత బస్తా కాదు గానీ, ఇప్పుడు ప్రతిసారీ తిరిగొచ్చేటప్పుడు అమ్మ ఇచ్చే డబ్బాలు దాని మీదే గూడెం వస్తాయి. నా రూమ్మేట్లకి ఈ సైకిల్ మీద ఉన్న గౌరవమంతా అందువల్లే.

అమ్మతో ఒప్పందం మాత్రం సైకిల్‌తో కుదరలేదు, షరతులతో కుదిరింది. సాయంత్రం బయల్దేరకూడదు, తెల్లారి ఐదున్నరకే. ముందూ వెనకా లైట్లు. పవర్ బ్యాంకు. ఉప్పుటేరు వంతెన దగ్గర ఆగి ఫోన్ చెయ్యాలి. వాన పడితే గట్టు ఎక్కకూడదు, రెండ్రోజులు ఎండ కాసేదాకా తారే.

ఫిబ్రవరిలో మొదటిసారి వెళ్ళాను. పుంతల్లో, గట్ల మీద, ఎక్కడా ఆగకుండా. వంతెన మీద ఫోన్ చేస్తే అమ్మ, "అప్పుడేనా?" అంది. ఎనిమిదిన్నరకి ఇంట్లో ఉన్నాను. వచ్చే డిసెంబరులో కైకలూరు, ఏలూరు, గూడెం, ఆకివీడు మీదుగా కొల్లేటి చుట్టూ ఒకే రోజులో తిరగాలని ఉంది. 150 కిలోమీటర్లకి అటూ ఇటూ వస్తుంది. ఎవరైనా వస్తానంటే సైకిల్ ఏదైనా పర్లేదు, ముందు టైరు పక్కన అంకె చూసుకుని రండి.

మొన్న శుక్రవారం రాత్రి అమ్మే ఫోన్ చేసింది. రేపొస్తున్నావా అని అడగలేదు. "ఇక్కడ వాన లేదురా, గట్టు ఆరిపోయింది" అంది.